మెట్లెక్కని ఆవు

ఎవరైనా కొండ మీద ఇల్లు కట్టాలని నన్ను పిలిస్తే నేను టేపు పట్టుకుని పోను. ముందు ఒక ఆవును తోలుకురమ్మంటాను. వాళ్ళు నా మొహం చూస్తారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మద్రాసులో చదివినాయన, పేరున్నవాడు, ఈయనకు ఆవు దేనికీ అని. చెప్పినా నమ్మరు కాబట్టి చెప్పను. ఆవును కింద వదిలి, అది ఏ దారిన పైకి పోతుందో దాని వెనకే నడుస్తాను. అది నిదానంగా నిలబడి మేత మొదలుపెట్టిన చోట వాకిలికి గుర్తు పెట్టుకుంటాను. నవ్వేవాళ్ళను నవ్వనీ. నవ్వినవాళ్ళంతా ఇప్పుడు ఆ ఇళ్ళలోనే హాయిగా కాపురాలు చేస్తున్నారు.

చదును నేలంటే నాకు మొదటినుంచీ గిట్టదు. చాప పరిచినట్టున్న నేల మీద ఇల్లు గీయడానికి చదువెందుకు, ముగ్గు వేయడం వచ్చినవాళ్ళుంటే చాలదా? ఈ మాట తరగతిలో పైకే అనేశాను. మాకు పాఠం చెప్పే పెద్దాయన నన్ను బయట నిలబెట్టాడు. నిలబడి ఊరుకున్నానా? గోడ మీద గోటితో ఒక గుట్ట గీసి, దాని నడుముకొక ఇల్లు తగిలించాను. సున్నం రాలగొట్టినందుకు ఇంకోసారి నిలబెట్టారు.

మా ఊరు పూతలపట్టు దగ్గర. ఈ కొండ పిచ్చి నాకు అంటించింది మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి. నా చిన్నతనంలో ఏటా నన్ను వెంటబెట్టుకుని తిరుపతి పోయి, అలిపిరి దగ్గర మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కొండ నడిచి ఎక్కేది. నడక అన్నానే గానీ అది పరుగు. వెనకబడ్డవాళ్ళను చూసి "ఏమప్పా, కొండకు పోతావుండావా, కోడలింటికి పోతావుండావా?" అని ఎగతాళి చేసేది. అలసినవాళ్ళు కూర్చోవడానికి దారిలో ఉండే మండపాల దగ్గర మాత్రం నా కోసం ఆగేది. ఒకసారి అట్లా కూర్చున్నప్పుడు నాకొక అనుమానం వచ్చింది. మండపానికి లోయ వైపు స్తంభాలు బాగా పొడుగు, కొండ వైపు స్తంభాలు మరీ పొట్టి.

"అవ్వా, ఈ మండపం కుంటిదా?"

"కుంటిదేందిరా! అది గూడా కొండెక్కతా ఉండాది. నువ్వు ఎక్కేటప్పుడు ఒక కాలు మడిసి ఇంగో కాలు సాపవా? అదీ అంతే. సూడు, మనతో పాటే వస్తా ఉండాది."

ఇక మిగతా దారంతా నాకు ఒకటే సంబరం. మండపం ఎంత దూరం వచ్చిందోనని తిరిగి తిరిగి చూస్తూ మెట్ల మీద రెండుసార్లు బోర్లా పడ్డాను. నేను తర్వాత చదివిన చదువంతా కలిపినా ఆ ఒక్క మాటకు సాటి రాదు.

మద్రాసులో ఇళ్ళ నమూనాలు గీయడం నేర్చుకుని, చదువు ముగిసీ ముగియకముందే ఇంటికి రావాల్సి వచ్చింది. యుద్ధం రోజులు. జపాను బాంబులు పడతాయన్న భయానికి పట్నం సగం ఖాళీ అయింది. ఉన్న ఇళ్ళు వదిలి పారిపోయే ఊళ్ళో కొత్త ఇళ్ళు కట్టించుకునేవాడెవడు? డ్రాయింగు పలక చంకన పెట్టుకుని బస్సెక్కాను. పెట్రోలు దొరకని కాలం కదా, వెనక బొగ్గుల పొయ్యి తగిలించుకున్న బస్సులు తిరిగేవి. మిట్ట వస్తే అందరూ దిగి తోయాల్సిందే. ఒక మిట్ట మీద మేము ముందుకు తోస్తుంటే బస్సు మా మీదికే జారడం మొదలుపెట్టింది.

"అప్పా, ఆ పలక ఇట్లియ్యి బిన్నా!" అని కండక్టరు తొందరపెడుతూ నా చంకలోంచి లాగి చక్రం కింద పెట్టేశాడు. నా ప్రాణం పోయినంత పనైంది. బస్సు ఆగింది. పలక విరగలేదు కానీ ఒక మూల సొట్ట పడింది. "సదువుకున్నోళ్ళు బస్సులో ఉంటే ఇదే మేలు" అన్నాడు పైగా! అప్పటినుంచీ ఆ పలక మీద నేను గీసిన ప్రతి గీతా ఆ మూలకు పోయేసరికి కాస్త గెంతేది.

ఇంటికి చేరాక పలకకు ఇంకో గతి పట్టింది. అమ్మ దాని మీద వడియాలు పెట్టింది. నేను గొంతు చించుకుని అరిస్తే "ఊరికే పడుండాది గదరా" అంది. నాయన అయితే దాని వంక చూడను కూడా చూడలేదు. ఆయనకు చెరకు తోట, గానుగ, బెల్లం వంట, ఇంతే. లోకంలో ఉన్న పనులు రెండే రకాలు ఆయన లెక్కలో: బెల్లం పని, పనికిమాలిన పని.

"ఇల్లు కట్టేదానికి మేస్తిరి ఉండాడు. కొలిసేదానికి వాని మూర ఉండాది. నడాన నువ్వెందుకురా? అదీ కొండల మీదంట! నేల ఇడిసి సాము సేస్తే నడుములు ఇరగతాయి" అన్నాడు. అమ్మ వైపు తిరిగి, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని కూడా అన్నాడు. ఆ మాట నాకు పొగడ్తలాగే తోచింది. అంత మదం మీద ఉన్నాను.

అవ్వకు అప్పటికి ఉబ్బసం పట్టుకుంది. ఏడుకొండలు పరుగున ఎక్కిన మనిషి, వంటింట్లోంచి వసారాలోకి రావడానికి గోడ పట్టుకునేది. బెల్లం వండే రోజుల్లో ఆ పొగకు మరీ ఎక్కువ. ఆమె ఊపిరి ఈల వేస్తుంటే ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. పొగా దుమ్మూ లేని చల్లటి మిట్ట ప్రదేశంలో ఉంచమన్నాడు చిత్తూరు డాక్టరు. అవ్వ పుట్టినిల్లు పలమనేరు. అక్కడ ఆమెకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన గుట్ట వాలొకటి ఉంది. రాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ పండదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

"ఆడ ఒక ఇల్లు కట్టించు. వీడు కడతాడు" అంది అవ్వ నాయనతో.

నాయన నన్ను వెంటబెట్టుకుని గుట్ట చూడ్డానికి వచ్చాడు. నడుముకు కట్టుకున్న మూటలోంచి ఒక బెల్లం ఉండ తీసి, అక్కడున్న రాతి మీద పెట్టాడు. అది దొర్లింది. దొర్లి, ఎగిరి, పొదల్లోంచి దూకి, బండి బాట దాటి, కింద రాగి చేల్లోకి పోయింది. దాని వెనకే నేను పరుగెత్తాను, దేనికో నాకే తెలియదు.

"బెల్లం ఉండే నిలబడలేదు, ఇల్లు నిలబడతాదా?" అన్నాడు, నేను రొప్పుతూ తిరిగొచ్చాక. అయినా తల్లి మాట తీసెయ్యలేడు. చివరికి ఒక పందెం పెట్టాడు. "సరే, ఒక్క ఇల్లు. మీ అవ్వ దాంట్లో కాలు పెట్టి, బాగా సూసుకోని, 'ఇది ఇల్లే' అనాల. అనిందా, నీ పలక ఎత్తుకోని నీకిష్టమొచ్చిన కొండకు పో, నేను అడ్డం రాను. అనలేదా, ఆ పలక తెచ్చి బెల్లం పొయ్యి కాడ పెట్టు. అచ్చులు ఆరబెట్టుకుంటాం. నువ్వు గూడా ఆడే కూసో."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఇల్లు! కొండ మీద! అదీ అవ్వకు! ఎగిరి గంతేసి జారిపడ్డాను. మా అవ్వ నా ఇంటిని ఇల్లు కాదంటుందా అని నా ధీమా.

మేస్త్రీని చంద్రగిరినుంచి పిలిపించాను. వాళ్ళ ముత్తాత అక్కడి కోటలోని రాజమహలు కట్టాడట. చంద్రగిరిలో ఏ మేస్త్రీని కదిలించినా వాడి ముత్తాత రాజమహలు కట్టినవాడే. అంతమంది కడితే అది ఇంకా చాలా పెద్దదిగా ఉండాల్సింది. మాటకు ముందు నవ్వేవాడు, పనికి ముందు వక్కాకు వేసేవాడు. "రేపు సేసేస్తాం సామీ" అన్నాడంటే ఆ రేపు ఏ పంచాంగంలోనూ దొరకదు. అయినా అతనితో నాకు రోజూ పండగే. వాలులో పునాదికి అడ్డమొచ్చిన ఒక పెద్ద గుండును పగలగొడతానంటాడు, ముట్టుకుంటే ఊరుకోనంటాను. చివరికి ఆ గుండు చుట్టూనే గోడలు లేపి, దాన్ని నట్టింట్లో తిన్నెగా వదిలేశాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇంట్లోకి రాయెట్ల తెచ్చినారప్పా?" అని అడిగితే మేస్త్రీ ఏమాత్రం తడుముకోకుండా "ఎత్తుకొచ్చినాం" అనేవాడు.

సిమెంటు దొరకదు కాబట్టి గోడలకు రాయి, అతుక్కోవడానికి సున్నం. మిద్దె గచ్చు గట్టిపడటానికి సున్నంలో కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్ళు కలపాలి. బెల్లం అనగానే నాయన లేచాడు. "మనుసులు తినే బెల్లం మిద్దెకు తాపిస్తావా?" అని కేకలేశాడు. కానీ బండి పంపాడు, అదీ మేలురకం బెల్లం. తన పేర పోయే బెల్లం మిద్దెకు పోయినా సరే, తక్కువ రకం పంపడానికి ఆయనకు పరువు అడ్డమొచ్చింది.

ఇల్లు ఎట్లా ఉండేదో ఇక్కడ చెప్పాలి. వాలుకు వీపు ఆనించి కూర్చున్న మనిషిలా ఉండేది. ముందు లోయ, వెనక కొండ. కింది బండి బాటనుంచి ముందు వాకిలికి నిటారుగా మెట్లు. వెనక వైపు కొండ ఇంటి ఎత్తు ఉంది కాబట్టి, గుట్ట చుట్టూ తిరిగి వచ్చే కాలిబాటా మా మిద్దే ఒకే మట్టానికి వచ్చాయి. రెండింటి నడుమ వాన నీళ్ళు పోవడానికి కాలువ వదిలాను. ఆ కాలువ మీద రెండు రాతి బండలు పరిచి, కూలీలు సున్నపు గంపలు నేరుగా మిద్దె మీదికే మోసేవాళ్ళు. పని అయిపోయాక ఆ బండలు నాకు కంట్లో నలుసయ్యాయి. అంత సొగసైన ఇంటికి వెనక ఆ మోటు బండలేమిటని తీసెయ్యమన్నాను, కసిరాను, తిట్టాను కూడా. "రేపు తీసేస్తాం సామీ" అన్నాడు మేస్త్రీ.

ఇక ఆ ముందు మెట్లు! వాటి మీద నా మోజు ఇంతా అంతా కాదు. రాజమహలు ముందు నిలబడితే మెడ ఎట్లా వెనక్కి వాలుతుందో, లోయలోంచి నా ఇంటిని చూసినవాడి మెడ అట్లా వాలాలని కట్టాను. పలమనేరు సంతకు పోయేవాళ్ళు బండ్లు ఆపి మరీ చూసేవాళ్ళు. నేను ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడి చెవులు రిక్కించేవాణ్ణి. "ఎవురో జమీందారు కట్టించినట్టుండాడు" అని ఒకడంటే ఆ పూట నాకు ఆకలే వేయలేదు.

మాఘంలో గృహప్రవేశం పెట్టారు. తెల్లారగానే అవ్వను ఎడ్లబండిలో గుట్ట కిందికి తెచ్చారు. బండి దిగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ మెట్లను కిందినుంచి పైదాకా చూసింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"ఎట్లుండాది అవ్వా?"

"బాగుండాది నాయనా. శానా బాగుండాది" అని బాట పక్కన రాయి మీద కూర్చుంది. "ముందర ఆవును పోనీండి. ఆవు పోయినంక నేను పోతా."

కొత్తింట్లోకి ముందు ఆవూ దూడా గడప దాటాలి, తర్వాతే ఇంటి మనుషులు. దానికి తిరుగులేదు. మద్రాసులో నాకు ఇటుక బరువు చెప్పారు, దూలం బలం చెప్పారు, గాలి ఏ వైపునుంచి వస్తుందో చెప్పారు. ఆవు నిటారు మెట్లెక్కదని ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు. పుట్టినప్పటినుంచీ ఆవుల మధ్యే తిరిగిన మా ఇంట్లో వాళ్ళకైనా ఆ ఊహ రాలేదు, అదీ విచిత్రం.

ఆవును తెచ్చింది పలమనేరులో పాలు పోసే ఒకామె. కొప్పు నిండా బంతిపూలు, నోటి నిండా మాటలు. "మా ఆవు సాచ్చాత్తూ లచ్చిమి. దీని కాలు పడిన ఇల్లు యాడైనా సెడిందేమో అడుగు సూద్దాం!" అంటూ మెట్ల దగ్గరికి తోలింది. ఆవు మొదటి మెట్టును వాసన చూసింది. ముందుకాళ్ళు రెండూ దాని మీద పెట్టింది. తలెత్తి పైకి చూసింది. ఇదేం ఖర్మరా నాకు అన్నట్టు నా వైపు ఒక చూపు చూసి, కాళ్ళు దించి, అక్కడే మూత్రం పోసింది.

"మంచిదే, మంచిదే" అన్నాడు పురోహితుడు, పంచె పైకి పట్టుకుని పక్కకు గెంతుతూ.

మెట్టు మెట్టుకూ బెల్లం ముక్క పెట్టారు. మెడ చాపితే అందినవన్నీ తిని, అందనివి మాకే వదిలేసింది. పచ్చగడ్డి చూపించారు, మొహం తిప్పుకుంది. తాడు పట్టి ముందుకు లాగారు, వెనకనుంచి తోశారు. తోసినకొద్దీ వాళ్ళ మీద ఒరిగి ఆనుకుంది. తోక మెలేయబోయిన మేస్త్రీకి తొడ మీద ఒక్క తన్ను పడింది. "మా ముత్తాత కాలంలో ఆవులు ఎక్కేటివి" అన్నాడు తొడ రుద్దుకుంటూ. "ఏమమ్మా, లచ్చిమి అంటివే?" అని ఎవరో అనగానే పాలామె ఊరుకుంటుందా?

"లచ్చిమి నడిసొస్తాది గానీ గోడెక్కతాదా? ఇది ఇల్లా, గాలిగోపురమా? మీరు కట్టిన సొగసుకు మా ఆవునంటారేంది!"

లోయంతా నవ్వు. నవ్వనివాళ్ళం ఇద్దరమే, నేనూ నాయనా. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెట్టాడు. వెండి ఆవు బొమ్మను లోపల పెట్టినా దోషం లేదన్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డ నాయన అప్పుడు నోరు విప్పాడు.

"బొమ్మావు పోయిన ఇంట్లో బొమ్మలే కాపరం ఉండాల. ఆవు పోకుంటే మా యమ్మ పోదు." నా వైపు తిరిగాడు. "ఇల్లు కట్టి సూడు అన్నారు పెద్దలు. కట్టినావు. సూస్తావుండాం గదా."

నా కళ్ళ ముందు బెల్లం పొయ్యి కనిపించింది. దాని పక్కన నా పలక, పలక మీద అచ్చులు, అచ్చుల మీద ఈగలు తోలుతూ నేను. నా వల్ల కాదు! గబగబా పోయి దూడను ఎత్తుకున్నాను. దూడ పైకి పోతే తల్లి రాక ఏం చేస్తుంది? కొత్త పట్టుపంచె, మెడ చుట్టూ దూడ, దాని కాళ్ళు నా పిడికిళ్ళలో, అది నా చెవి నాకుతోంది. అట్లా ఎక్కుతూ ఉంటే నాకు మొదటిసారి తెలిసింది ఆ మెట్లు ఎంత నిటారుగా కట్టానో. సగంలోనే రొప్పు వచ్చింది. పళ్ళు బిగించి పైదాకా పోయి, దూడను దించి, గడప లోపలికి తోశాను.

అద్దంలా మెరిసే గచ్చు మీద దాని నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయాయి. లేచింది, జారింది, మళ్ళీ లేచి వెనక్కి తన్నింది. గడప పక్కన పెట్టిన పసుపు కుంకుమల పళ్ళేలు గాల్లోకి లేచాయి. పట్టుకోబోయిన నేను పసుపులో బోర్లా పడ్డాను. "ఓరి నాయనో, పట్టుకోండి!" అని మెట్ల మీదినుంచి అమ్మ కేకలు. ఇంతలో దూడకు నట్టింట్లోంచి మిద్దె మీదికి పోయే మెట్లు కనిపించాయి. తల్లి జంకిన పని బిడ్డకు ఆటైంది. దబదబా ఎక్కేసి, మిద్దె మీద నిలబడి "అంబా" అని ఒక్క అరుపు అరిచింది.

కింద తల్లి తాడు తెంపుకుంది. జనం చెల్లాచెదురయ్యారు. పురోహితుడు పంచాంగంతో సహా సీతాఫలం పొదలో పడ్డాడు. ఆవు మెట్ల వైపు కన్నెత్తైనా చూడకుండా గుట్ట చుట్టూ తిరిగే కాలిబాట పట్టుకుని పోయింది. "ఊరందరిదీ ఒక దారి, దీనిదొక దారి! ఈ ఇంటికి తగిన ఆవే!" అని నాయన నెత్తి కొట్టుకోవడం నాకు లోపలికి వినిపించింది. పసుపు మొహంతో నేను మిద్దె మీదికి పరుగెత్తేసరికి ఆవు ఆ రెండు బండల మీదినుంచి, తీసెయ్యమని నేను అరిచి అరిచి చచ్చిన ఆ బండల మీదినుంచే, పుట్టింటికి వచ్చినంత నిదానంగా మిద్దె మీద కాలుపెట్టింది. దూడ అప్పటికే మేస్త్రీ వదిలేసిపోయిన బెల్లం నీళ్ళ కుండలో మూతి పెట్టేసింది. ఆవు దాని వీపు ఒకసారి నాకి, పిట్టగోడకు కట్టిన మామిడాకుల తోరణం తెంపి నములుతూ, కిందికి తొంగి చూసింది.

కింద అందరూ తలలెత్తారు. నోళ్ళు తెరుచుకున్నాయి, మెడలు వెనక్కి వాలాయి. నేను కోరుకున్నది అచ్చం అదే. కాకపోతే ఇంటిని చూసి కాదు, ఆవును చూసి.

ముందు నవ్వింది అవ్వ. నవ్వితే దగ్గు తెర వస్తుందని ఎన్నాళ్ళుగానో నవ్వు మానేసిన మనిషి, రాయి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వినగానే నాయన మొహం మారింది. పొద వైపు తిరిగాడు.

"అయ్యోరా, ఇప్పుడు ఆవు ఇంట్లోకి పోయినట్టా, పోనట్టా?"

పురోహితుడు ఆకులు దులుపుకుంటూ లేచాడు. "మిద్దె ఇంటిదే కదా నాయనా. ఇంటి నడినెత్తినే పాదం పెట్టింది. ఇంతకన్నా ప్రవేశం ఇంకేముంటుంది?" ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు, ఆవు మిద్దె మీద పేడ వేసింది. "అదిగో, శుభం!" అని రెండు చేతులూ ఎత్తాడు. "నేను సెప్పలా?" అని పాలామె రొమ్ము విరుచుకుంది.

నేను ఒక్క ఉరుకున కిందికి దిగాను. "రా అవ్వా, నిన్ను గూడా దూడ మాదిరి ఎత్తుకుంటా" అన్నాను. అవ్వ లేచింది కానీ మెట్ల వైపు రాలేదు. ఆవు పోయిన బాట పట్టింది.

"అవ్వా, వాకిలి ఈ పక్క!"

"వాకిలి యాడుండాదో ఆవు సూపించింది గదరా. దా, బుజమియ్యి."

ఆ బాట చుట్టు తిరుగుడే గానీ మెత్తగా ఎక్కుతుంది. కొంచెం నడిచి, కొంచెం ఆగి, మళ్ళీ నడిచాం. ఒక మలుపులో ఆగినప్పుడు అవ్వ నా పసుపు మొహం చీరకొంగుతో తుడిచింది.

"ఒక మాట సెప్తా, ఏడవగూడదు. ఆ మెట్లు సూడంగానే నా గుండె జారిపోయిందిరా. వాటిని ఎక్కేది ఇంగ నా వల్ల కాదనుకొంటి."

"మరి సెప్పలేదేం అవ్వా?"

"నీ మొగం సూసినా. పెండ్లికొడుకు మాదిరి ఎలిగిపోతా ఉండె. ఎట్ల సెప్పేది? ఏడుకొండలవాడా, ఒక్కసారి ఎక్కించు సామీ, గడప దాటి 'ఇది ఇల్లే' అని ఆ ఒక్క మాట అనేస్తా, ఆ పైన ఈ ఊపిరి ఉంచుకో, తీసుకో, నీ ఇష్టం అని మొక్కుకుంటా కూసున్నా."

ఏడవకూడదంటే ఎట్లా? ఏడ్చాను. ఏడుస్తూనే మిద్దె మీది ఆవుకు దండం పెట్టాను. అది చూసి అవ్వకు మళ్ళీ నవ్వొచ్చింది.

మేము పైకి చేరేసరికి నాయన బండల పక్కనే నిలబడి ఉన్నాడు. "సూసినారా సామీ, నేను తీయలా!" అంటున్నాడు మేస్త్రీ, అంతా తను తలచి చేసిన పని అన్నట్టు. "ఇంగ వాటిని కదిపినావంటే నీ కాళ్ళు ఇరగ్గొడతా" అన్నాడు నాయన. అవ్వ ఆ బండల మీద నడిచి మిద్దె మీదికి వచ్చింది. ఆవు గంగడోలు నిమిరి, పిట్టగోడ దగ్గర నిలబడింది. కింద రాగి చేలు, పలమనేరు పెంకుటిళ్ళు, మొగిలి వైపు దిగిపోయే రోడ్డు. ఆమె గట్టిగా గాలి పీల్చింది. మేమంతా ఈల కోసం చెవులు పెట్టుకుని నిలబడ్డాం. ఒక్కసారి సన్నగా వినిపించి ఆగిపోయింది.

"ఏమ్మా?" అన్నాడు నాయన. "ఇది ఇల్లేనా?"

అవ్వ పిట్టగోడ మీదినుంచి వంగి కింది గోడలు చూసింది. వెనక్కి తిరిగి కొండ వైపు చూసింది.

"కాదు" అంది.

నాకు మళ్ళీ బెల్లం పొయ్యి కనిపించింది.

"ఇల్లంటే ఒక తావున కూసోనుంటాది. దీన్ని సూడు. లోయ పక్క కాలు పొడుగు, కొండ పక్క కాలు పొట్టి. ఇది కొండెక్కతా ఉండాది." నా చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "వీడూ అంతే. ఎక్కనీరా వీన్ని. అచ్చులు సాప మీద ఆరబెట్టుకో."

నాయన లోపలికి దిగిపోయాడు. ఆ రోజు తాంబూలాలు పెట్టడానికి అమ్మ మళ్ళీ నా పలకే తెచ్చి నట్టింట్లో గుండు మీద పెట్టించింది. నేను మిద్దె మెట్ల మీదినుంచి చూస్తుండగానే నాయన దాని మీది అరటిపండ్లూ తమలపాకులూ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. భుజం మీది తుండుతో పలకను తుడిచాడు. సొట్ట పడ్డ మూలను బొటనవేలితో రుద్ది చూసి, పైకి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఈ బండల కాడ మీ అవ్వకొక గది గీయి" అన్నాడు. "బిన్నా గీయి. బెల్లం బండి రేపే పంపిస్తా."